దారి చూపినాయన పేరు

మే నెలలో దివిసీమకి ఎవరైనా వెళ్తారా అని మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేను వెళ్ళాను. మూడు రోజులకి ముఖం మాడిన అట్టులా నల్లబడి, అరిచి అరిచి గొంతు పోయి తిరిగొచ్చాను. ఎలా జరిగిందని ఇంట్లో అడిగితే నోరు పెగల్లేదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. దివిసీమ చూడనివాళ్ళు చదువుకోండి. చూసినవాళ్ళు నన్ను తిట్టుకోండి, తిట్టించుకోవాల్సిన పనే చేశాను.

నేను గుడివాడలో సోషల్ టీచర్ని. నా కోపం సంగతి మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు స్కూలు పిల్లలు ఫోనులో చూసుకునేలా ఒక పాఠం తయారుచేస్తున్నారు. నాలుగు వందల ఏళ్ళ క్రితం మన అద్దకం గుడ్డల కోసం సముద్రాలు దాటి బందరు రేవుకి వచ్చిన తెల్లవాళ్ళ ఓడకి ఈనాటి టెక్నాలజీ ఉండుంటే ఆ ప్రయాణం ఎలా జరిగేది? ఇదీ పాఠం. తెలుగు నేను రాయాలి. ఆ దారి కళ్ళారా చూసి రాస్తానని పట్టుబట్టి, వాళ్ళ ఇంజనీరు చైతన్యని సెలవుల్లో రమ్మన్నాను.

గుడివాడ

పొద్దున్నే బస్టాండు ఎదురు హోటల్లో పెసరట్టు ఉప్మా తింటూ చైతన్య ట్యాబ్ తెరిచాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. మాటకి ముందొక మేడమ్, వెనకొక మేడమ్. తెర మీద పాత ఓడ బొమ్మ, దాని చుట్టూ ఉపగ్రహాలు, తుపాను హెచ్చరికలు, నీటి లోతు చూపించే యంత్రం.

"ఏడాది పట్టిన దారి రెండు నెలల్లో అయిపోయేది మేడమ్. తుపాను వస్తుందని వారం ముందే తెలిసేది. అంతమంది చచ్చిపోయేవాళ్ళు కాదు."

ఇంతవరకూ నాకు పేచీ లేదు. చిగుళ్ళు కుళ్ళి, మంచినీళ్ళు అయిపోయి సముద్రం మధ్యలో చచ్చిన నావికులూ తల్లులు కన్న బిడ్డలే. వాళ్ళ చేతిలో ఒక ఫోనుంటే బతికేవాళ్ళంటే నాకెందుకు కడుపుమంట? అల్లం పచ్చడి ఇంకాస్త వేయించుకున్నాను. అప్పుడన్నాడు.

"అసలు లోకల్స్‌తో పనే ఉండేది కాదు మేడమ్."

తుంచిన ముక్క ప్లేటులో పడేశాను. బందరు ముందు సముద్రం లోతు తక్కువని, పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదని, ఎక్కడో దూరాన లంగరు వేసుకుని మన పడవవాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళని, ఆ పడవవాడు లేకపోతే బురదలో కూరుకుని అక్కడే ఏడ్చేవాళ్ళని చెప్పాను. చెప్పడమంటే మెల్లిగా కాదు. పక్క బల్లవాళ్ళు తినడం మానేసి చూశారు. చైతన్య నవ్వి "డేటా ఉంటే చాలు మేడమ్" అన్నాడు. నా పెసరట్టు చల్లారిపోయింది. అరవై రూపాయల పెసరట్టు.

బందరు

గిలకలదిండి రేవులో బోట్లన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. వేట నిషేధం రోజులని నాకు తెలియకపోలేదు, కోపంలో మర్చిపోయాను. సముద్రంలోకి వెళ్ళి ఓడ వచ్చిన దారి చూసొద్దామనుకున్న మా ప్లాను అక్కడే అయిపోయింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు "దివిసీమెళ్ళండి, పాయల్లో గెడ పడవలు తిరుగుతానే ఉంటాయి" అన్నారు. ఓడ దగ్గర్నుంచి ఒడ్డుకి వచ్చిన చిన్న పడవ ప్రయాణమైనా తీసుకోవచ్చని చైతన్య ఒప్పుకున్నాడు.

రేవు దారిలో ఒక టీకొట్టు. తెల్లటోపీ, తెల్లగడ్డం పెద్దాయన మరుగుతున్న పాలు తిప్పుతూ "ఏ ఊరమ్మా? ఎవరి తాలూకు?" అన్నాడు. గుడివాడ అన్నాను. వాళ్ళ తోడల్లుడు గుడివాడలో సైకిల్ షాపు పెట్టాడట, ఆ షాపులో నేను చిన్నప్పుడు సైకిల్ అద్దెకి తీసుకున్నాను. అంతే, ఆయన నాకు మావయ్య, నేను ఆయనకి కోడలు పిల్ల. టీ పది రూపాయలు, నాకు ఇంకో సగం గ్లాసు ఊరికే.

చైతన్యకి ఇది వింతగా ఉంది. "మాకు ఎవరైనా పరిచయమైతే ముందు పేరు అడుగుతాం మేడమ్."

"మాకు మనిషి కావాలయ్యా. వరస కలిశాక పేరుతో ఏం పని?" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మేం వచ్చిన పని విని మావయ్య గ్లాసులు కడుగుతూ అన్నాడు. "వలందపాలెం ఉంది. ఇంగ్లీషుపాలెం ఉంది. పరాసుపేట ఉంది. వచ్చినోళ్ళందరి పేర్లూ ఊళ్ళో ఉన్నాయమ్మా. వాళ్ళని ఒడ్డుకి తెచ్చినోడి పేరున ఒక్క సందన్నా ఉందేమో చెప్పు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డచ్చివాడికి పాలెం, ఇంగ్లీషువాడికి పాలెం, ఫ్రెంచివాడికి పేట! దారి చూపినవాడు మాత్రం ఏ పుస్తకంలో చూసినా ఎవరో ఒక ఊరి మనిషి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆ సామెతలో పడవవాడికైనా ఒక పేరుంది, చరిత్రలో అదీ లేదు. చైతన్య కారులో చల్లపల్లి దాకా ఇదే పాఠం చెప్పాను. పాపం చైతన్య రేడియో పెట్టడానికి రెండుసార్లు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

మోపిదేవి

సాయంత్రం సుబ్రహ్మణ్యస్వామి దర్శనం బాగానే జరిగింది. బయటికొస్తే నా చెప్పులు లేవు. దేవుడి ముందు పెట్టిన దండం ఇంకా చల్లారకముందే నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. కొత్త రబ్బరు చెప్పులు కొట్టువాడు నూట యాభై చెప్పాడు, నూట ఇరవైకి ఇచ్చాడు.

మనవరాలికి చెవులు కుట్టించడానికి వచ్చిన ఒకావిడ నా తిట్లు విని జాలిపడి, ఆకులో చిమ్మిలి పెట్టిచ్చింది. మా ఇంట్లో నువ్వులు దోరగా వేయించి దంచుతాం. వీళ్ళు పచ్చి నువ్వులు బెల్లంతో దంచుతారు, నూనె చేతికంటుతుంది. ఆవిడ నన్ను వదినా అంది, నేనూ ఆవిణ్ణి వదినా అన్నాను. ఆ రాత్రి అవనిగడ్డ లాడ్జిలో పడుకున్నాం.

పాలకాయతిప్ప పాయ

కోడూరులో ఒక కిరాణా కొట్టాయన ఫోన్ నెంబరు ఇస్తే, పడవ మాట్లాడుకున్నాం. పొద్దున ఏడింటికి ఒడ్డున నిలబడి ఉన్నాడు పడవాయన. యాభై ఏడెనిమిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, తలకి తువ్వాలు. "రండమ్మా, జాగర్త, చెయ్యివ్వండి" అన్నాడు. "వస్తున్నా బాబాయ్" అన్నాను. ఫోనులో నెంబరు అప్పటికే 'పడవ బాబాయ్' అని పెట్టుకున్నాను.

రెండు వైపులా మడ చెట్లు, వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంజను లేదు, చప్పుడు లేదు. బాబాయ్ వెదురు గెడ దించుతాడు, నెడతాడు, ఎత్తుతాడు. కాసేపయ్యాక గెడ కొసకి అంటిన బురదని వేళ్ళతో నలిపి, వాసన చూసి, కొంచెం నాలిక్కి రాసుకున్నాడు.

"అదేంటి బాబాయ్!"

"ఏటి ఒండ్రమ్మా. ఇది తియ్యగుంటది. సముద్రం మట్టి కలిస్తే నాలిక మీద కరకరలాడుద్ది. అట్టా తగిలిందంటే అక్కడ నీళ్ళ కింద ఇసక తిప్ప లేస్తా ఉందని."

నేను గెంతినంత పని చేశాను. ఆ పాత ఓడల వాళ్ళూ తాడుకి సీసం గుండు కట్టి, దాని అడుగున కొవ్వు పూసి దించేవాళ్ళు. కొవ్వుకి అంటిన మట్టిని చూసి ఎక్కడున్నారో తెలుసుకునేవాళ్ళు. వాళ్ళకి గుండు, మనకి గెడ. చైతన్య కూడా ఆసక్తిగా అంతా రికార్డు చేశాడు. బాబాయ్ ప్రతి మాటా, పడవ తిరిగిన ప్రతి మలుపూ ట్యాబులో ఎక్కుతూనే ఉంది.

పాయ రెండుగా చీలిన చోట బాబాయ్ ఎడమకి తిప్పబోయాడు. చైతన్య ఆపాడు. "కుడి పక్క స్ట్రెయిట్‌గా వెళ్ళొచ్చు. ఇక్కడ రెండు మీటర్ల లోతు చూపిస్తోంది."

"అటు వద్దండీ. పోయిన వానాకాలం గాలికి తిప్ప లేచింది."

"శాటిలైట్ మ్యాప్ అండీ ఇది."

బాబాయ్ నా వైపు చూశాడు. నేను ఏదో అనేలోపే "సరే, పడవ మాట్లాడుకున్నారు, మీ మాటే కానివ్వండి" అని కుడికి తిప్పేశాడు. పది నిమిషాల్లో పడవ అడుగున ఎవరో చాప చింపినట్టు చప్పుడైంది, ఆగిపోయింది. పాటు తీస్తోంది. చూస్తుండగానే మా చుట్టూ నీళ్ళు జారిపోయి బురద బయటపడింది.

"పోటెక్కేదాకా కూర్చోవటమే" అన్నాడు బాబాయ్, కోపం ఏమాత్రం లేకుండా. ఆయన కోపం కూడా నేనే పడ్డాను. "ఏదయ్యా నీ రెండు మీటర్లు? దిగి చూపించు! నాలుగు వందల ఏళ్ళ క్రితం ఆ ఓడలో నీలాంటివాడు ఉండి ఉంటే బందరు దాకా కూడా రాకుండా ఏ లంకలోనో ఎండిపోయేవాళ్ళు" అని అరిచాను. చైతన్య తల దించుకుని "మ్యాప్ పాతదై ఉంటుంది మేడమ్" అన్నాడు.

బురద మీద

నాలుగున్నర గంటలు. నీడ లేదు. మా నీళ్ళ సీసాలు గంటలో అయిపోయాయి. బాబాయ్ గిన్నె మూత తీసి చద్దన్నం మూడు వాటాలు వేశాడు. ఉల్లిపాయ, ఎండురొయ్యల పొడి. మేం గుడివాడలో రొయ్యపొడిలో వెల్లుల్లి దండిగా వేస్తాం, ఆయన ఇంట్లో పచ్చి చింతకాయ వేసి దంచారు. నాకు ఈ జన్మలో తిన్నవాటిలో అదే బాగుంది. చైతన్య కారంతో ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు.

నేను ఊరుకోలేక, పుస్తకాల్లో పడవవాళ్ళ పేర్లు లేని సంగతి బాబాయ్‌కి చెప్పాను. ఆయన గిన్నెకి మూత పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"మా అమ్మ డెబ్బై ఏడు ఉప్పెనలో పోయిందమ్మా. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. పోయినోళ్ళ పేర్లు రాసుకోటానికి ఒకాయన వచ్చాడు. మా నాన్ననడిగాడు. పెళ్ళాం పేరు పైకి చెప్పటం మాలో లేదు గదా. 'మా ఇంటిది' అన్నాడు. ఆయన ఫలానావాడి భార్య అని రాసుకుని పోయాడు. నేను పక్కనే ఉన్నా. పేరు నాకు తెలుసు. పెద్దోళ్ళ మధ్య నోరెత్తలా."

"ఆ రాసినాయనకి బుద్ధి ఉండక్కర్లేదా? మళ్ళీ అడగొద్దూ?"

"ఆయన తప్పేముందమ్మా, చెప్తే రాసేవాడు. సీతారావమ్మ" అన్నాడు నీళ్ళకేసి చూస్తూ. "ఎక్కడా లేదు ఆ పేరు. మా అమ్మని కాల్చిన చోటు కూడా తెలీదు."

నాకు కళ్ళు మండాయి. "బాబాయ్, నీ పేరు ఈ పాఠంలో మొదటి వాక్యంలో ఉంటుంది. లేకపోతే నేను ఒక్క ముక్క రాయను. ఇదుగో, వీడి ముందు చెప్తున్నా" అన్నాను.

ఆయన నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు. "నిజంగానే రాయిస్తావా? ఉంటదా అట్టా, చెరిగిపోకుండా?" అని రెండుసార్లు అడిగాడు. "ఉంటే బాగుంటదమ్మా. మా మనవరాలు చదువుకుంటది" అన్నాడు.

అప్పుడే పడవ కింద నీరు కదిలింది. ముగ్గురం దిగి నెట్టాం. నా కొత్త చెప్పులు బురదలో ఉండిపోయాయి. మధ్యాహ్నం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య మమ్మల్ని చూసి నవ్వి, కాళ్ళకి నీళ్ళిచ్చి, మామిడికాయ వేసిన పీతల పులుసుతో అన్నం పెట్టింది. పిన్నీ ఇంకాస్త పులుసు, పిన్నీ ఇంకో ముద్ద అని మూడుసార్లు వేయించుకున్నాను. పడవ డబ్బులు కోడూరు కిరాణా కొట్టు స్కానరుకి వేయమన్నాడు బాబాయ్, ఆయన ఫోను మాటలకే పనికొస్తుంది. వచ్చేటప్పుడు పిన్ని తన పాత చెప్పులు నాకు తొడిగించింది.

మళ్ళీ బందరు

మూడో రోజు బందరు లాడ్జిలో చైతన్య పాఠం తెరిచి చూపించాడు. నేనింకా ఒక్క ముక్క రాయలేదు, రికార్డింగులో నేను మాట్లాడిన తెలుగునే హైదరాబాదులో కత్తిరించి అతికించారు. పడవ తిరిగిన దారంతా మెరిసే గీతగా కదులుతోంది. తిప్ప ఉన్న చోట ఎర్ర చుక్క. కింద ఒక వాక్యం: స్థానిక పడవ కార్మికుడి సహాయంతో నమోదు చేసిన మార్గం.

లాడ్జి హాల్లో అందరూ లేచి నిలబడేలా అరిచాను. "ఆయన నాలిక మీది రుచి దగ్గర్నుంచి అంతా లాక్కున్నారు, పేరు పెట్టడానికి చోటు లేదా? మీకూ ఆ ఓడవాళ్ళకీ తేడా ఏంటి? వాళ్ళ దగ్గర మీ యంత్రాలు ఉండుంటే ఇంకా వేగంగా వచ్చి, ఇంకా వేగంగా మర్చిపోయేవాళ్ళు!" చైతన్య భయపడి ఆఫీసుకి ఫోను కలిపి నా చేతికిచ్చాడు. అవతల ఒక అమ్మాయి, గొంతు మృదువుగా ఉంది.

"తప్పకుండా మేడమ్, పెడతాం. అయిదింటికి పాఠం లాక్ అవుతుంది, ఆ తర్వాత మార్చలేం. పేరు చెప్పండి, రాసుకుంటాను."

నోరు తెరిచాను.

"మేడమ్? పేరు?"

బాబాయ్. నాకు తెలిసింది అంతే. చైతన్య వైపు చూశాను, అతనూ నా వైపే చూస్తున్నాడు. "మీకు తెలుసనుకున్నాను మేడమ్" అన్నాడు. ఫోను తీశాను, పడవ బాబాయ్. ట్యాబులో గంటల కొద్దీ రికార్డింగు, నా గొంతుతో బాబాయ్, బాబాయ్, బాబాయ్. ఆయనకి ఫోను చేస్తే స్విచాఫ్. పాయలోకి వెళ్ళేటప్పుడు ఫోను ఆపేసి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుంటాడు. కిరాణా కొట్టు నెంబరు ఎవరూ ఎత్తలేదు.

"పదండి మేడమ్, కారులో వెళ్దాం" అన్నాడు చైతన్య. "నీ కారు నాకక్కర్లేదు" అని బస్టాండుకి నడిచాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. అవనిగడ్డ బస్సు ఎక్కి కూర్చున్నాక తెలిసింది, కారు ఎక్కి ఉండాల్సిందని.

కోడూరు బస్సు

ఆ బస్సు ప్రతి చెట్టు కిందా ఆగింది. మోపిదేవిలో యాత్రికులు ఎక్కేదాకా పావుగంట. కిటికీ కమ్మీ వేడికి చెయ్యి కాలింది. గురివింద తన కింది నలుపెరగదంటారు, నాకు ఆ మధ్యాహ్నం బాగా కనపడింది. ఓడ కప్తానుకీ దారి చూపినవాడి మీద ప్రేమే ఉండి ఉండొచ్చు. కలిసి తిని ఉండొచ్చు. ఏదో ముద్దుపేరుతో పిలిచి కూడా ఉండొచ్చు. టీ ఇచ్చిన మావయ్య పేరేంటి? చిమ్మిలి పెట్టిన వదిన పేరేంటి? వరస కలుపుకుని మనిషిని దగ్గరికి తీసుకున్నానని మురిసిపోయాను, ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. నన్ను నేను తిట్టుకున్న తిట్లు పైకే వచ్చినట్టున్నాయి, పక్క సీటావిడ జరిగి కూర్చుంది.

అవనిగడ్డలో బస్సు మారాను. కోడూరులో కిరాణా కొట్టుకి తాళం. ఆటో ఎక్కి వాళ్ళ ఇంటి ముందు దిగేసరికి అయిదుకి పన్నెండు నిమిషాలు. ఆ వరసలో ఇళ్ళన్నీ తాళాలు వేసున్నాయి, నాగాయలంకలో పెళ్ళట, మనవరాలూ అక్కడికే పోయిందట. పిన్ని ఒక్కతే అరుగు మీద ఎండుచేపలు ఎత్తుతోంది.

"బాబాయ్ ఏడి పిన్నీ?"

"పాయలోకి పోయాడమ్మా. చీకటి పడ్డాకే రాటం."

"బాబాయ్ పేరేంటి? తొందరగా చెప్పు."

పిన్ని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగుడి పేరు చెప్పటమేంటమ్మా నువ్వు మరీ! ఆయనొచ్చాక అడుగు."

"ఆధార్ కార్డు? రేషన్ కార్డు?"

"అన్నీ ఆయన సంచీలోనే. పాయలో ఎవరన్నా అడుగుతారని తీసుకుపోతాడు."

నా సహనం అయిపోయింది. సముద్రపు గాలి ఉప్పుగా ముఖాన కొడుతుంటే అరిచాను. "ఇంకో పది నిమిషాలు పోతే ఆ పేరు ఎక్కడా ఉండదు పిన్నీ! మీ అత్తగారి పేరు పోయినట్టే పోతుంది! నేను మాటిచ్చాను, అడగడం మర్చిపోయాను, నాది తప్పు, చెప్పు!"

పిన్ని నవ్వు ఆగింది. చేతిలో చేప గంపలో పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది. "ఆయనగారు నిన్నటేళ నించీ మనవరాలికి అదే చెప్తన్నాడు, పేరు ఎక్కుద్దని" అంది. నేను ఆఫీసుకి ఫోను కలిపాను. సిగ్నల్ ఒక్క గీత. స్పీకరు పెట్టి పిన్ని నోటి దగ్గర పట్టుకున్నాను.

"పేరు చెప్పండి" అంది ఆ అమ్మాయి.

పిన్ని పెదవులు కదిలాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెళ్ళయి ఎన్నేళ్ళయిందో, ఆ పేరు ఆ నోటెంట వస్తుంటే ముఖమంతా వణికింది.

"నాంచారయ్య."

"ఇంకోసారి చెప్పండి, సరిగ్గా వినపడలేదు."

"నాంచారయ్య అండీ. నాంచారయ్య." రెండోసారి గట్టిగానే అంది. అని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

"ఎక్కించేశాను. పేరు ఎవరిచ్చారో కూడా రాయాలండీ ఇక్కడ. మీరెవరు?"

"నేనాండీ? ఆయన ఇంటిదాన్ని."

"ఓకే, భార్య..." అని అవతల టకటక కొడుతున్న చప్పుడు వినపడింది.

ఫోను లాక్కున్నాను. "ఆగమ్మాయ్! అది కొట్టకు, ఆగు!" అని అరిచి, పిన్ని వైపు తిరిగాను. "నీ పేరేంటి?"